షట్టర్ దించేస్తే మనకి దిక్కెవరు? సొంత షాపువాళ్ళకి ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) లాంటిది ఏమైనా ఉందా?

పేట జిరాక్స్ (నరసరావుపేట)

నమస్కారమండి. నరసరావుపేటలో కాలేజీ ఎదురుగా నాకు జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు ఉంది. పెట్టి పదకొండేళ్ళు. నా వయసు 39. ఒక మిషను, ఒక కంప్యూటరుతో మొదలుపెట్టా. తర్వాత రెండో మిషను, కలర్ ప్రింటరు, లామినేషను, స్పైరల్ బైండింగు అన్నీ వచ్చి చేరాయి. కౌంటర్లో ఒక అమ్మాయి ఉంది, నెలకి 8 వేలు ఇస్తున్నా.

రెండేళ్ళ కిందటి దాకా రోజుకి గల్లాలో 2,800 దాకా పడేది. అన్నీ పోను నెలకి ముప్ఫై వేలు ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి. ఇప్పుడు 1,500 దాటితే ఆ రోజు పండగే. పిల్లలు నోట్సులన్నీ పీడీఎఫ్‌లో పంపుకుంటున్నారు. 2025 జనవరి ఆఖర్లో మన మిత్ర అని గవర్నమెంటు వాట్సాప్ సర్వీసు వచ్చింది కదా, సర్టిఫికెట్లు, హాల్ టికెట్లు ఇంట్లో కూర్చునే తెప్పించుకుంటున్నారు. జనానికి మంచిదే, కాదనను. మా అమ్మ సర్టిఫికెట్ కూడా నేను అందులోనే పెట్టా, అదీ నా షాపులో నా కుర్చీలో కూర్చుని!

లెక్క రాస్తున్నా, చూడండి. అద్దె 7,500. కరెంటు 2,200. అమ్మాయి జీతం 8,000. పేపరు, టోనరు 9 వేల దాకా. 2023లో కొత్త మిషను కోసం ముద్ర లోన్ 2,75,000 తీసుకున్నా, దానికి నెలకి 6 వేలు, ఇంకా 34 కిస్తీలున్నాయి. ఇవన్నీ పోతే చేతికొచ్చేది అయిదారు వేలు. మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది, ఆ నాలుగైదు వేలతో పాలు, కూరగాయలు గడిచిపోతున్నాయి. పిల్లల ఫీజులు మాత్రం దాచుకున్నదాంట్లోంచి తీస్తున్నా.

అసలు అడగాలనుకున్నది ఇది. మా బావమరిది హైదరాబాదులో ఒక గోడౌన్‌లో 18 వేల జీతానికి చేసేవాడు. కంపెనీ ఆ గోడౌన్ ఎత్తేసింది. ఈఎస్ఐ నుంచి మూడు నెలల పాటు సగం జీతం వాడి అకౌంట్లో పడింది. వాడు మా ఇంటికొచ్చి, "బావా, నాకు ఉద్యోగం పోతే గవర్నమెంటు ఇచ్చింది, నీకు షాపు పోతే ఎవరిస్తారు?" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదకొండేళ్ళలో కరెంటు బిల్లు ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు, ఒకరికి జీతం ఇచ్చి పోషించా. మనలాంటివాళ్ళకి అలాంటిది ఏదీ లేదా? డబ్బు కట్టమంటే కడతా, ఊరికే అడగట్లేదు.

ఇంకోటి. అమ్మ కంటి ఆపరేషన్‌కని ఇరవై రోజుల కింద లక్ష రూపాయలు పర్సనల్ లోన్ తీసుకున్నా. దాంతో పాటు 6,490 కట్టించుకుని ఒక పాలసీ ఇచ్చారు. "ఆదాయం ఆగిపోతే మూడు ఈఎంఐలు కంపెనీయే కడుతుంది" అన్నారు. ఇది నాకు పనికొస్తుందా?


మాజీ క్యాషియర్ (ఒంగోలు)

మీ బావమరిదికి వచ్చింది అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన. 2018లో పెట్టారు. మొదట్లో నాలుగో వంతు ఇచ్చేవారు, కరోనా టైములో సగానికి పెంచారు. తొంభై రోజులు, అదీ జీవితంలో ఒక్కసారే. అది ఈఎస్ఐ కోత పడే ఉద్యోగులకి మాత్రమే. యజమానికి ఈఎస్ఐ ఉండదు. పదిమంది పనివాళ్ళుంటేనే షాపు తప్పనిసరిగా దాని కిందకి వస్తుంది. మీకున్నది ఒక్క అమ్మాయి కాబట్టి ఆ అమ్మాయికీ లేదు. డబ్బు కడతానన్నా కట్టించుకునే కౌంటరు మన దేశంలో లేదండి.

పాలసీ సంగతి. ఇంటికెళ్ళి ఆ కాగితంలో "ఉద్యోగం కోల్పోవడం" అనే మాటకి అర్థం ఎక్కడ రాశారో వెతకండి. జీతగాడై ఉండాలి, యాజమాన్యం తీసేసి ఉండాలి అని ఉంటుంది. సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళకి వర్తించదని కింద మినహాయింపుల్లో కూడా ఉంటుంది. నేను కౌంటర్లో ఉన్న రోజుల్లో ఇలాంటివి చాలా చూశా, అమ్మేవాడు కూడా ఆ పేజీ చదవడు. అయితే పాలసీ కాగితం చేతికొచ్చిన 30 రోజుల్లోపు వద్దని రాసిస్తే డబ్బు వెనక్కివ్వాలి, స్టాంపు ఖర్చులూ ఆ నాలుగు రోజుల ప్రీమియమూ పట్టుకుని. మీకింకా టైముంది. నోటితో చెప్పి రావద్దు, లెటరిచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. రేపే వెళ్ళండి.


సింగ్‌నగర్ ఫ్యాన్సీ (విజయవాడ)

తమ్ముడూ, నీ లెక్క రెండుసార్లు చదివాను. నువ్వు "షాపు పోతే" అని అడుగుతున్నావు. నీ ఉద్యోగం పోయి చాలా నెలలయిందయ్యా. షట్టర్ తెరిచి ఉంది కాబట్టి నీకు తెలియట్లేదు. నెలకి అయిదు వేలకి పొద్దున్నించి రాత్రి దాకా కూర్చుంటున్నావు, నీ కౌంటర్లో అమ్మాయికే నీకంటే ఎక్కువ వస్తోంది. కోపం తెచ్చుకోకు. నేనూ ఇలాగే కూర్చున్నదాన్నే.

మాది సింగ్‌నగర్లో ఫ్యాన్సీ, స్టేషనరీ షాపు. గాజులు, రిబ్బన్ల దగ్గర్నించి స్కూలు అట్టలు, పెన్నుల దాకా అన్నీ. ఇరవై రెండేళ్ళలో మా షాపు రెండుసార్లు మూతపడింది, మా తమ్ముడిది ఒకసారి. మూడు సార్లూ మూడు రకాలు. అందుకే ఎవరన్నా "షాపు మూతపడితే ఏదన్నా ఇన్సూరెన్స్ ఉందా" అంటే, ఎందువల్ల మూతపడిందో ముందు చెప్పమంటాను.

మొదటిసారి 2019లో. మా ఆయన బెంజి సర్కిల్ దగ్గర బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. పదకొండు వారాలు. నేను ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతుంటే షాపు ఎవరు తెరుస్తారు? అంతకు ముందు ఏడాది మా చుట్టాలబ్బాయి టార్గెట్ ఉందని బతిమాలితే మూడు లక్షలకి ప్రమాద బీమా ఒకటి కట్టాం. వాడి మొహం చూసి కట్టిందే, దాంట్లో ఏముందో తెలియదు. తీరా చూస్తే, ప్రమాదంలో గాయపడి పని చెయ్యలేకపోతే వారానికి వందకి ఒకటి చొప్పున ఇస్తామని ఉంది. అంటే వారానికి మూడు వేలు. పదకొండు వారాలకి 33 వేలు వచ్చాయి. డాక్టరు రెస్ట్ రాసిన చీటీ, మళ్ళీ పనికి వెళ్ళొచ్చని రాసిన సర్టిఫికెట్, ఎక్స్‌రేలు అన్నీ అడిగారు. ఇరవై రూపాయలకి బ్యాంకులో ఇచ్చే సురక్షా బీమాలో ఈ వారాల డబ్బు ఉండదు. అది చావుకీ, కాలో చెయ్యో కన్నో శాశ్వతంగా పోయినదానికీ మాత్రమే. అదీ ఉంచుకో, ఇరవై రూపాయలే కదా. కానీ సొంతంగా షాపు నడిపేవాళ్ళకి కావలసింది ఈ వారాల డబ్బు ఇచ్చేది. ఏజెంటుని "తాత్కాలికంగా పని చెయ్యలేకపోతే వారానికి ఎంత?" అని అడుగు. ఆ ప్రశ్నకి నీళ్ళు నమిలితే ఇంకో ఏజెంటుని చూసుకో. జ్వరాలకీ డెంగ్యూకీ మాత్రం ఇది రాదు, ప్రమాదానికే.

రెండోసారి 2024 సెప్టెంబరు, బుడమేరు వరద. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బురద వాసనే వస్తుంది. షాపులో వారం రోజులు నీళ్ళు. అట్టల కట్టలు ఉబ్బి, ర్యాకులు పగిలాయి. ఆరు లక్షల సరుకులో నాలుగు లక్షలది పోయింది. షాపుకి బీమా ఉందిలే అని ధైర్యంగా ఉన్నాం. సర్వేయరు వచ్చాడు, పుస్తకాలు చూశాడు, "మీ సరుకు ఆరు లక్షలు, మీరు బీమా చేయించింది మూడు లక్షలకి. సగానికే చేయించారు కాబట్టి నష్టంలోనూ సగమే" అన్నాడు. అంటే నాలుగు లక్షలకి రెండు లక్షలు, అందులో మళ్ళీ కోతలు. ఆయన్నని ఏం లాభం, తప్పు మాదే. 2017లో వేసిన అంకెనే ఏటా అలా కట్టుకుంటూ పోయాం. సరుకు పెరిగినా ఆ అంకె మార్చాలన్న ఆలోచన రాలేదు. గవర్నమెంటు చిన్న షాపుకని 25 వేలు ఇచ్చింది, అది శుభ్రం చేయించడానికీ పెయింటుకీ సరిపోయింది. పోయిన సరుకుకే బీమా. షాపు మూసి ఉన్న నలభై రోజుల సంపాదన సంగతి ఎవరూ ఎత్తలేదు. అది కావాలంటే లాభనష్టం పాలసీ అని విడిగా తీసుకోవాలట, మనలాంటి గల్లీ షాపుకి దాన్ని చెప్పేవాళ్ళే లేరు.

మూడో రకం నీది. మా తమ్ముడిది కూడా అదే. బందరు రోడ్డులో వాడికి ఎస్టీడీ బూత్ ఉండేది. ఒకప్పుడు రాత్రి పది తర్వాత రేటు తగ్గుతుందని జనం లైన్లో నిలబడేవాళ్ళు, గుర్తుందా? సెల్‌ఫోన్లు వచ్చాక వద్దురా మూసెయ్ అంటే, "ఇంకో ఆరు నెలలు చూద్దాం అక్కా" అన్నాడు. అలా ఆరేసి నెలలు చొప్పున నాలుగేళ్ళు చూశాడు. అద్దె బాకీ పడ్డాడు, మరదలి గాజులు కుదవకి పోయాయి. చివరికి ఆ చెక్క క్యాబిన్ వంట చెరుకు రేటుకి పోయింది. మెల్లగా చచ్చే వ్యాపారానికి ఏ దేశంలో బీమా ఉందో నాకు తెలియదు గానీ ఇక్కడ మాత్రం లేదు. దీనికి ఉన్నదల్లా ఒక తారీఖు. ఫలానా రోజు దాకా చూస్తాను, అప్పటికి గల్లా ఇంత రాకపోతే మూసేస్తాను అని కాగితం మీద రాసి, నీ భార్య చేత సంతకం పెట్టించు. నవ్వులాటకి అనట్లేదు, మన సంతకాన్ని మనం ఖాతరు చెయ్యం.

ఇంకో రెండు మాటలు. చీటీలున్నాయి కదా అని ధైర్యంగా ఉండకు. వరద తర్వాత నేను రెండు లక్షల చీటీ పాడాను, అయిదో నెలలో. నలభై వేలు తగ్గించి పాడితేనే నాకొచ్చింది. లక్షా అరవై వేలు ఇవ్వడానికి గవర్నమెంటు ఉద్యోగి జామీను కావాలన్నారు. మా ఆడపడుచు మొగుడి కాళ్ళావేళ్ళా పడ్డాం. డబ్బు వచ్చాక మిగతా పదిహేను నెలలు కట్టుకుంటూనే ఉండాలి, షాపు తెరిచినా మూసినా. చీటీ కూతురి పెళ్ళికి పనికొస్తుంది గానీ, షట్టర్ దించిన నెలకి పనికిరాదు. ఇప్పుడు నేను చేసేది ఒకటే, రోజూ గల్లా కట్టేటప్పుడు ముందు 200 తీసి వేరే అకౌంట్లో వేస్తాను. ఆ అకౌంట్‌కి ఏటీఎం కార్డు లేదు, ఫోన్‌పే లేదు. తీయాలంటే బ్యాంకుకి వెళ్ళి లైన్లో నిలబడాలి. మా ఆయన దాన్ని "షట్టర్ డబ్బా" అంటారు. ఇప్పటికి నాలుగు నెలల అద్దె, ఇంటి ఖర్చు అందులో ఉంది.

నువ్వు ఓనరు దగ్గర అడ్వాన్సు ఎంత ఇచ్చావు? అది రాయలేదు.


పేట జిరాక్స్

అక్కా, మీరు రాసింది చదివి మధ్యాహ్నం షాపు అరగంట మూసి అలా నడిచొచ్చా. అమ్మాయికి నాకంటే ఎక్కువ వస్తోందన్న మాట మా ఆవిడకి చూపించా. "నేను ఎప్పటినుంచి చెబుతున్నా" అంది. చెప్పలేదు నిజానికి.

అడ్వాన్సు అరవై వేలు. అగ్రిమెంటు మొదటి మూడేళ్ళకే రాసుకున్నాం, తర్వాత నోటి మాటే. ఖాళీ చేస్తే వెంటనే ఇస్తాడో, కొత్తవాళ్ళు వచ్చాక ఇస్తాననంటాడో తెలియదు. ఎన్ని నెలల ముందు చెప్పాలో కూడా తెలియదు. ఇంకో సంగతి మర్చిపోయా, ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు క్వశ్చన్ పేపర్ల ప్రింటింగుకి 68 వేలు బాకీ ఉన్నారు. ఎనిమిది నెలలు. ఎప్పుడెళ్ళినా అకౌంటెంటు సెలవులో ఉంటాడు.

ట్రేడర్లకి పెన్షన్ స్కీము ఏదో ఉందని మా వీధి చివర మెడికల్ షాపాయన అన్నాడు. అది ఇలాంటిదేనా? మా ముద్ర లోన్‌కి గవర్నమెంటు గ్యారెంటీ ఉంటుందని కూడా అన్నాడు. అంటే షాపు పోతే ఆ లోన్ గవర్నమెంటు కట్టేస్తుందా?


పద్దుల పుస్తకం (వరంగల్)

అన్నా, నేను ట్యాక్స్ రిటర్నులు వేసేవాణ్ణి. ఆఖరి ప్రశ్న నుంచి మొదలుపెడతా, ఎందుకంటే అక్కడే చాలామంది మునుగుతారు. ముద్ర గ్యారెంటీ నీకు కాదు, బ్యాంకుకి. నువ్వు కట్టకపోతే బ్యాంకుకి కొంత నష్టం ఆ గ్యారెంటీ ఫండ్ పూడుస్తది. నీ బాకీ నీ మీదనే ఉంటది, సిబిల్ పాడయితది. కిస్తీ తప్పి 90 రోజులు దాటితే మొండి బాకీ ఖాతాలో వేస్తరు. అంతకుముందే, ఒక్క కిస్తీ కూడా తప్పకముందే, బ్రాంచికి పోయి లెక్కలు చూపించి గడువు పెంచమని రాతపూర్వకంగా అడుగు. 34 కిస్తీలని 50 చేస్తే నెలకి పదిహేను వందల పైన తగ్గుతది. ఇంకో ముఖ్యమైన మాట, ఆ మిషను బ్యాంకుకి తాకట్టులో ఉన్నట్టు. వాళ్ళ కాగితం లేకుండా అమ్మితే వేరే తలనొప్పి. అమ్మేది ఉంటే బ్యాంకుకి చెప్పి, వచ్చిన సొమ్ము లోన్‌కే జమ చెయ్యి.

పెన్షన్ స్కీము 2019లో వచ్చిన లఘు వ్యాపారి మాన్‌ధన్. 18 నుంచి 40 ఏళ్ళ లోపువాళ్ళకి, టర్నోవర్ కోటిన్నర దాటొద్దు, ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాళ్ళు కావొద్దు. వయసుని బట్టి నెలకి 55 నుంచి 200 దాకా కడితే, అంతే మొత్తం కేంద్రం వేస్తది, అరవై దాటినంక నెలకి మూడు వేలు. నీకు 39, అంటే తలుపు మూసుకునే టైము. కానీ అది ముసలితనానికి. వచ్చే ఏడాది షాపు పోతే దాంట్ల నుంచి రూపాయి రాదు.

ఆ 68 వేలు చూద్దాం. ముద్ర తీసుకునేటప్పుడు బ్యాంకోళ్ళు ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్ చేయించే ఉంటరు, చూసుకో. నీది ప్రింటింగు, అంటే సేవ, ఒట్టి కొని అమ్మే వ్యాపారం కాదు. కాబట్టి 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం నీకు పనికొస్తది. అగ్రిమెంటు ఉన్నా 45 రోజుల కంటే ఎక్కువ ఆపొద్దు, అగ్రిమెంటు లేకుంటే పదిహేను రోజులే. ఆపితే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఇట్లాంటి బాకీల తగవులు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్ల ఫిర్యాదు పెట్టొచ్చు, వకీలు అక్కరలేదు. అయితే బిల్లులు రిజిస్ట్రేషన్ తర్వాతవి అయి ఉండాలె. ముందే ఫిర్యాదు వద్దు. ఆ చట్టం, ఆ వడ్డీ లెక్క రాసి ప్రిన్సిపాల్ పేరు మీద స్పీడ్ పోస్టు పంపు. నా అనుభవంల సెలవుల ఉన్న అకౌంటెంట్లు ఆ కవరు చూసినంక డ్యూటీకి వస్తరు.

ఆఖరికి ఒక మాట. షాపు డబ్బు, ఇంటి డబ్బు ఒకే అకౌంట్ల నడుస్తున్నదా? నా దగ్గరికొచ్చే పదిమందిల తొమ్మిదిమందిది అంతే. సొంత వ్యాపారంల నువ్వూ నీ షాపూ చట్టం కంటికి ఒక్కటే. షాపు అప్పుకి నీ ఇంటి మీదికి రావొచ్చు. పీపీఎఫ్ పొదుపు ఖాతా సొమ్ము మాత్రం అప్పులోళ్ళు కోర్టుకి పోయినా జప్తు చెయ్యరాదు, ఇన్‌కం ట్యాక్సు బాకీ అయితే వేరే సంగతి. ఏడాదికి 500 వేసినా ఖాతా బతుకుతది. మూడో ఏడు నుంచి లోన్, ఏడో ఏడు నుంచి కొంత తీసుకోవచ్చు. ఇయ్యాల నీకు పనికిరాదు, బాగా నడిచిన తొమ్మిదేళ్ళల తెరిచి ఉంటే పనికొచ్చేది. చదివే మిగతా షాపులోళ్ళ కోసం రాస్తున్న.


జర్మనీ ఇడ్లీ (మైన్జ్)

సింగ్‌నగర్ అక్క గారూ, మెల్లగా చచ్చే వ్యాపారానికి ఏ దేశంలో బీమా ఉందో అన్నారు కదా, ఇక్కడ ఉంది. నేను ఐటీ ఉద్యోగం మానేసి ఇడ్లీ, దోసె క్యాటరింగ్ పెట్టా. జర్మనీలో సొంత వ్యాపారం చేసేవాళ్ళు ఇష్టమైతే నిరుద్యోగ బీమాలో కొనసాగొచ్చు. షరతులు గట్టివే. మొదలుపెట్టే ముందు రెండున్నరేళ్ళలో కనీసం పన్నెండు నెలలు ఉద్యోగిగా ఆ బీమా కట్టి ఉండాలి. వ్యాపారం మొదలుపెట్టిన మూడు నెలల్లో అప్లై చెయ్యాలి, ఒక్క రోజు దాటినా అంతే. నేను రెండు నెలల ఇరవయ్యో రోజున పెట్టా, మా ఆవిడ రోజూ గుర్తుచేస్తే.

మీ లాభం ఎంతైనా కట్టేది అందరికీ ఒకే లెక్క. 2025లో నెలకి 97 యూరోల చిల్లర, మొదట్లో సగమే. వచ్చేటప్పుడు మాత్రం చదువుని బట్టి వస్తుంది! డిగ్రీ ఉన్న నాకు ఎక్కువ, అదే డబ్బు కట్టిన మా పక్క సందు మంగలాయనకి తక్కువ. ఇదెక్కడి న్యాయమో నాకూ అర్థం కాదు. రెండేళ్ళు కట్టి ఉంటే ఏడాది పాటు ఇస్తారు. రెండుసార్లు వాడుకుంటే మూడోసారి చేర్చుకోరు. మనమే యజమానులం కదా, ఎప్పుడు మూసేయాలో మన చేతిలోనే ఉంటుంది, అందుకే వాళ్ళ భయం. మన దగ్గర కూడా ఎవరూ పెట్టకపోవడానికి అదే కారణం అనుకుంటా.


సింగ్‌నగర్ ఫ్యాన్సీ

బాబూ, చదువుకున్న ఇడ్లీకి ఎక్కువ డబ్బులన్నమాట! బాగుంది.

పేట తమ్ముడూ, ఓనరు దగ్గరికి ఇప్పుడే వెళ్ళు. ఖాళీ చేస్తున్నాననకు. "పాత అగ్రిమెంటు అయిపోయిందండీ, కొత్తది రాసుకుందాం" అను. అందులో రెండు వాక్యాలు పడాలి. ఒక నెల ముందు చెప్తే చాలు, ఖాళీ చేసిన పదిహేను రోజుల్లో అడ్వాన్సు ఇవ్వాలి. ఆ అరవై వేలే నీకున్న నిరుద్యోగ భృతి. అది వాడి దగ్గర ఉంది, అంతే తేడా.


పేట జిరాక్స్

మూడు వారాల తర్వాత రాస్తున్నా. ఆలస్యమైంది, క్షమించాలి.

పాలసీ 26వ రోజున వెనక్కిచ్చా. క్యాషియర్ గారు చెప్పినట్టే సొంత వ్యాపారం చేసేవాళ్ళకి వర్తించదని తొమ్మిదో పేజీలో ఉంది. 6,212 వెనక్కి వచ్చాయి. కౌంటర్లో "ఎందుకు సార్, మంచి పాలసీ" అన్నారు. తొమ్మిదో పేజీ చూపించా, ఇంకేం మాట్లాడలేదు.

కాలేజీకి స్పీడ్ పోస్టు పంపా. ఉద్యమ్ కాగితం 2023దే ఉంది, బిల్లులన్నీ తర్వాతవే. ఆరో రోజు అకౌంటెంటు ఫోన్ చేసి "ఇంత దూరం ఎందుకండీ" అన్నాడు. ముప్ఫై వేలు వచ్చాయి, మిగతాది సంక్రాంతి తర్వాత అన్నాడు. వడ్డీ ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రేపు మళ్ళీ వాళ్ళ పిల్లలే కదా రావాల్సింది.

బ్యాంకులో గడువు పెంచడానికి అర్జీ ఇచ్చా, ఇంకా ఏం చెప్పలేదు. ఓనరు కొత్త అగ్రిమెంటుకి ఒప్పుకున్నాడు గానీ పదిహేను రోజులు కాదు, నెల అన్నాడు. సరే అన్నా.

తారీఖు రాసుకున్నాం అక్కా. ఉగాది. అప్పటికి కోటప్పకొండ తిరునాళ్ళ సీజను అయిపోతుంది, పరీక్షల హాల్ టికెట్ల హడావిడీ అయిపోతుంది. ఆ రెండు నెలల్లో కూడా రోజుకి 2,200 సగటు రాకపోతే పెద్ద మిషను బ్యాంకుకి చెప్పి అమ్మేస్తా. చిన్నది ఇంటి ముందు గదిలో పెట్టి మా ఆవిడ చూసుకుంటుంది, జాకెట్లు కూడా అక్కడే. కాగితం మీద ఆవిడ సంతకం చేసి, కింద మా పెద్దమ్మాయి చేత సాక్షి సంతకం కూడా పెట్టించింది. కౌంటర్లో అమ్మాయికి విషయం ఇప్పుడే చెప్పా, ఉగాదికి చెబితే తనేం చేస్తుంది? ఏడ్చింది. తర్వాత మూడో రోజు నాకే ఒక కబురు తెచ్చింది.

వాళ్ళ బాబాయి పనిచేసే స్పిన్నింగ్ మిల్లులో ఆఫీసుకి కంప్యూటరు తెలిసినవాళ్ళు కావాలట. వెళ్ళొచ్చా. జీతం 16 వేలు, ఉగాది తర్వాత చేరినా పరవాలేదన్నారు. కోతలేమైనా ఉంటాయా అని అడిగితే పీఎఫ్ ఉంటుంది, ఈఎస్ఐ కింద 120 రూపాయలు పోతాయి అన్నారు. బావమరిదికి ఫోన్ చేసి చెప్పా.